చీమ కుట్టినట్టే ఉంటుందా?

“ఏం కాదమ్మా, చీమ కుట్టినట్టు ఉంటుందంతే.”

ఈ మాట వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు ఉంటారని నేననుకోను. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ మా అక్క కూతురి దగ్గర ఆ పోలిక పనిచెయ్యలేదు. గాజువాకలో వాళ్లింటి పెరట్లో గండుచీమ కుట్టి అరగంట ఏడ్చిన అనుభవం దానికుంది. ల్యాబ్‌లో ఆ మాట వినగానే చెయ్యి వీపు వెనక దాచేసుకుంది. నాలుగేళ్ల పిల్ల లాజిక్‌లో తప్పేముంది చెప్పండి?

పోయిన వానాకాలం దానికి డెంగ్యూ వచ్చింది. ప్లేట్‌లెట్లు రోజూ చూడాలన్నారు. అంటే రోజుకో సూది. మొదటిరోజు అక్కని బయట నిలబడమన్నారు, “తల్లి ఎదురుగా ఉంటే ఇంకా ఏడుస్తారండీ” అని. ఆసుపత్రి పేరు వద్దు, చాలాచోట్ల ఇదే పద్ధతి. పిల్లని బల్ల మీద పడుకోబెట్టి ఒకరు కాళ్లు, ఒకరు చెయ్యి పట్టుకున్నారు. భుజాలు పట్టుకున్నది నేనే. నరం దొరక్క మూడుసార్లు పొడిచారు. జ్వరం తగ్గి ఇంటికొచ్చాక కూడా రెండు వారాలు నేను ఎత్తుకోబోతే రాలేదు. “మావయ్య పట్టేసుకుంటాడు” అనేది. ఈ వ్యాసం ఆ రెండు వారాల వల్ల రాస్తున్నది.

రెండోరోజు డ్యూటీలో ఒక పెద్దవయసు సిస్టర్ ఉన్నారు. ఆవిడ చేసినదంతా మొదటిరోజుకి తలకిందులు. అక్కని లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. పిల్లని అక్క ఒళ్లో, ఎదురెదురుగా, గుండెకి గుండె ఆనేలా కూర్చోబెట్టి, ఒక చెయ్యి మాత్రం అక్క చంక కిందనుంచి వెనక్కి రానిచ్చారు. “కుడిచెయ్యా, ఎడమచెయ్యా, నువ్వే చెప్పు” అన్నారు. “కొంచెం నొప్పి పుడుతుంది. మూడు లెక్కపెట్టేలోపు ఐపోతుంది. ఏడుపొస్తే ఏడు, చెయ్యి మాత్రం కదపకు” అన్నారు. పిల్ల ఏడ్చింది. కానీ ఒక్క పోటుతో అయిపోయింది, పట్టుకోవడానికి ఎవరూ అవసరం రాలేదు.

తేడా ఎక్కడొచ్చిందో తెలుసుకుందామని తర్వాత చదవడం మొదలుపెట్టాను. నేను డాక్టర్ని కాను, మెకానికల్ మూడో సంవత్సరం. కానీ ఇందులో మన బ్రాంచ్‌కి దగ్గరగా ఉండే సంగతులు చాలానే ఉన్నాయి.

మొదట భయం సంగతి. భయపడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగి చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుపోతాయి. చేతులు చల్లబడతాయి. అంటే పిల్లని ఎంత బెదరగొడితే నరం దొరకడం అంత కష్టం. మొదటిరోజు మూడు పోట్లలో రెండిటికి మేమే కారణమేమోనని నాకు ఇప్పటికీ అనుమానం. నీళ్లు తక్కువ తాగినా ఇదే ఇబ్బంది. పరీక్షకి పరగడుపున రావాలా అని ముందే అడిగి, అక్కర్లేదంటే నీళ్లో మజ్జిగో తాగించి, చెయ్యిని కాస్త వెచ్చగా ఉంచి తీసుకెళ్తే సగం పని అయినట్టే.

రెండోది నొప్పి. దెబ్బ తగిలినచోట అమ్మ రుద్ది “ఉఫ్” అని ఊదుతుంది కదా, అది ఉత్త ముద్దు కాదు. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ‘గేట్ కంట్రోల్’ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. వాళ్ల ప్రకారం, నొప్పి సంకేతాలు మెదడుకి వెళ్లేముందు వెన్నుపాములో ఒక గేటు దాటాలి. స్పర్శ, ఒత్తిడి, వైబ్రేషన్ లాంటివి మోసుకొచ్చే లావుపాటి నరాల తంతువులు పనిచేస్తుంటే ఆ గేటు కొంత మూసుకుంటుంది. మెదడు నుంచి కిందికి వచ్చే సంకేతాలు కూడా, అంటే మనసు ఎక్కడుందన్నది కూడా, ఆ గేటుని తిప్పగలవు. సిద్ధాంతంలోని వివరాలు తర్వాత చాలా మారాయి కానీ మూలసూత్రం నిలబడింది. అందుకే రుద్దితే హాయిగా ఉంటుంది, అందుకే కథలో మునిగిన పిల్లకి సూది తక్కువ తెలుస్తుంది.

ఈ సూత్రాన్నే పట్టుకుని అమెరికాలో ఏమీ బ్యాక్స్‌టర్ అనే పిల్లల డాక్టర్ తేనెటీగ ఆకారంలో ‘బజ్జీ’ అనే చిన్న పరికరం తయారుచేశారు (మన మిరపకాయ బజ్జీ కాదు). లోపల వైబ్రేషన్ మోటారు, వెనక చిన్న ఐస్ ప్యాక్. సూది గుచ్చే చోటికి కొంచెం పైన పెడతారు. అంతే. సెకండియర్ ప్రాజెక్టు స్థాయి సర్క్యూట్. మన స్టీల్‌ప్లాంట్ పక్కనే వైద్య పరికరాల కోసం మెడ్‌టెక్ జోన్ ఉంది, అయినా మన హ్యాకథాన్‌లలో ఎప్పుడూ స్మార్ట్ డస్ట్‌బిన్లే చూస్తుంటాం.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి, అది మన ప్రాంతానికి బాగా సంబంధించింది. పాడేరు, అరకు ఏజెన్సీ గూడేల్లో సికిల్ సెల్ జబ్బు ఉన్న పిల్లలున్నారు. 2047 కల్లా ఆ జబ్బుని దేశంలో లేకుండా చెయ్యాలని కేంద్రం 2023 జులై 1న ఒక జాతీయ మిషన్ కూడా మొదలుపెట్టింది. ఈ పిల్లలకి ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి చిన్న నాళాల్లో ఇరుక్కుంటాయి. చలి తగిలితే ఆ నొప్పులు మొదలవ్వొచ్చు. కాబట్టి వాళ్లకి ఐస్ పెట్టకూడదు, వైబ్రేషన్ ఒక్కటే. చిట్కా వీడియోల్లో చూసింది అందరు పిల్లలకీ ఒకేలా పనికిరాదు.

ఆ పిల్లల గురించి ఇంకో మాట. ఏజెన్సీ నుంచి ఘాట్‌రోడ్డు దిగి కేజీహెచ్‌కి వచ్చే పిల్లకి సూది ఒక్కసారి వ్యవహారం కాదు. పరీక్షలు, సెలైన్లు, కొందరికి రక్తం ఎక్కించడం, ఏళ్ల తరబడి. పైగా ఇంట్లో మాట్లాడేది కువి కావచ్చు, ఆదివాసీ ఒడియా కావచ్చు. మనం తెలుగులో ఎంత ముద్దుగా “ఐపోయింది నాన్నా” అన్నా ఆ పిల్లకి వినిపించేది కొత్తమనిషి గొంతు మాత్రమే. అక్కడ అమ్మని బయటికి పంపడం అంటే తన భాష అర్థమయ్యే ఒక్క మనిషినీ పంపేయడమే.

అసలు పసిపిల్లల నొప్పిని పెద్దవాళ్లు లెక్కలోకి తీసుకోవడమే ఈమధ్య మొదలైంది. 1980ల దాకా నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి తగినంత మత్తు లేకుండా ఆపరేషన్లు చేసిన సందర్భాలు పాశ్చాత్య దేశాల్లోనే ఉన్నాయి. వాళ్లకి నొప్పి సరిగా తెలియదు, మత్తే ప్రమాదం అన్నది అప్పటి నమ్మకం. మన దేశంలో ఎంబీబీఎస్ చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన డాక్టర్ కె.జె.ఎస్. ఆనంద్, తన సహచరులతో కలిసి 1987లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆపరేషన్ సమయంలో నొప్పి తగ్గించే మందు సరిగా ఇచ్చిన పసికందుల ఒంట్లో స్ట్రెస్ హార్మోన్లు తక్కువగా ఉన్నాయనీ, తర్వాత చిక్కులు కూడా తక్కువనీ తేలింది. ఆ తర్వాతే లోకం తీరు మారింది.

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకాల నొప్పి గురించి చెప్పిన సలహాలు చూస్తే మన అమ్మమ్మలు రాసినట్టే ఉంటాయి. పసిపిల్లని ఎత్తుకునే ఉండాలి, పాలు తాగే బిడ్డైతే సూది సమయంలో పాలివ్వాలి, చిన్నపిల్లల్ని పడుకోబెట్టకూడదు, ఒకేసారి రెండు మూడు సూదులుంటే ఎక్కువ నొప్పెట్టేది చివర్లో వెయ్యాలి. దీంట్లో ఖర్చున్నది ఒక్కటీ లేదు.

కొంచెం ఖర్చున్నది తిమ్మిరి క్రీము. లిడొకెయిన్, ప్రిలొకెయిన్ చెరో 2.5 శాతం కలిపిన క్రీము మందుల షాపుల్లో దొరుకుతుంది. రాసి, పైన ప్లాస్టర్ వేసి, సుమారు గంట ఉంచాలి. కొంతమంది పిల్లలకి, ముఖ్యంగా మరీ పసివాళ్లకీ, జి6పిడి లోపం ఉన్నవాళ్లకీ ప్రిలొకెయిన్ పడదు, కాబట్టి డాక్టర్‌ని అడక్కుండా రాయొద్దు. క్యూలో గంటసేపు ఊరికే కూర్చునేటప్పుడు రాయొచ్చని ఎవరూ చెప్పకపోవడమే నా బాధ.

సూది సైజు గురించి ఒక పక్కమాట. గేజ్ నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఈ తలకిందుల లెక్క ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ ఇనుప తీగల కొలతల నుంచి వచ్చింది. తీగని అచ్చులోంచి ఎన్నిసార్లు లాగితే అంత సన్నం, అంత పెద్ద నంబర్. ఉక్కునగరంలో పెరిగినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పిల్లల చేతికి పెట్టే పసుపురంగు కాన్యులా 24 గేజ్, బయటి మందం 0.7 మిల్లీమీటర్లు. “సన్నది పెట్టండి” అని అడగడం కంటే “పిల్లల సైజే కదా సిస్టర్?” అంటే పని జరుగుతుంది. రెండుసార్లు దొరక్కపోతే, “కాసేపాగి ఇంకొకరిని పిలుద్దామా?” అని మర్యాదగా అడగడంలోనూ తప్పులేదు. మొదటిరోజు నేను అడగలేదు.

ఇక మాటలు. “రక్తం తీస్తారు” అంటే చిన్నపిల్లకి ఒంట్లో రక్తమంతా తోడేస్తారని అర్థం కావచ్చు. పిల్లల ఒంట్లో కిలోకి దాదాపు 75 నుంచి 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. మా మేనకోడలు 15 కిలోలు, అంటే లీటరుకి పైనే. ప్లేట్‌లెట్ పరీక్షకి తీసేది రెండు మిల్లీలీటర్లు, టీ చెంచాలో సగం కూడా కాదు. చెంచా చూపించి చెప్తే సరిపోతుంది. పోటు పడ్డచోట చిన్న ప్లాస్టర్ కూడా అందుకే ముఖ్యం. ఆ కన్నంలోంచి రక్తం కారిపోతూనే ఉంటుందని వాళ్లు నిజంగా భయపడతారు.

ఎప్పుడు చెప్పాలనేది వయసుని బట్టి. మూడు నాలుగేళ్ల పిల్లకి ముందురోజు రాత్రి చెప్తే రాత్రంతా జాగారమే, కాసేపటి ముందు చాలు. ఏడెనిమిదేళ్లవాళ్లకి ముందురోజే చెప్పాలి, వాళ్ల ప్రశ్నలకి టైమివ్వాలి. “సూది వేయించుకుంటావా?” అని మాత్రం అడగొద్దు. వద్దంటే ఏం చేస్తారు? వాళ్ల చేతిలో నిజంగా ఉన్నవే అడగాలి: ఏ చెయ్యి, ఎవరి ఒళ్లో, చూస్తావా అటు తిరుగుతావా. ఐపోయాక “ఏడవలేదు, గుడ్ గర్ల్” అనడం కూడా నాకు నచ్చదు. రేపు ఏడిస్తే బ్యాడ్ గర్ల్ అన్నమాటేగా. “చెయ్యి ఎంత కదలకుండా పెట్టావో!” అంటే అది చేసిన పని గుర్తుంటుంది.

అన్నిటికంటే ముందు మానాల్సింది ఇంట్లో బెదిరింపు. “అన్నం తినకపోతే డాక్టర్‌తో సూది వేయిస్తా” అని ఏడాదంతా చెప్పి, తీరా జ్వరమొచ్చాక “డాక్టరంకుల్ మంచివాడు” అంటే ఏ పిల్ల నమ్ముతుంది?

ఊపిరి మీదకి మనసు మళ్లించడానికి ఆర్కే బీచ్‌లో అమ్మే సబ్బుబుడగల సీసాని మించింది లేదు. బుడగ రావాలంటే నెమ్మదిగా, పొడుగ్గా ఊదాలి. ఏడుస్తూ అలా ఊదడం కుదరదు. మూడోరోజు నుంచి మేం ఇదే చేశాం.

ఇవన్నీ మామూలు సూదులకి. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట లుకేమియా పిల్లలకి చేసే ఎముక మజ్జ పరీక్ష, వెన్నులోంచి నీరు తియ్యడం వేరే స్థాయి. వాటికి బుడగలు చాలవు. మత్తు, నొప్పి మందు ఏమిస్తారో ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి, అది పిల్ల హక్కు.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం మా మేనకోడలు నా గదిలోకొచ్చి, టేబుల్ మీద నా పెన్ను తీసుకుని మంచమెక్కింది. “చెయ్యి ఇవ్వు” అంది. ఏ చెయ్యని అడిగితే “నువ్వే చెప్పు” అంది. ఎడమచెయ్యి ఇచ్చాను. “నొప్పి ఉంటుంది మావయ్యా. ఏడవొచ్చు. కదలకు” అని, ఒకటి రెండు మూడు లెక్కపెట్టి, పెన్నుతో పొడిచి, నా ముఖం వైపు చూసింది.

గట్టిగానే పొడిచింది. ఏడ్చినట్టు నటించాను. వెంటనే చొక్కాకున్న బొమ్మ స్టిక్కర్ పీకి నా చేతి మీద అంటించింది.