మనసుకూ ఒక సాయంకాలం కావాలి

మదనపల్లె: పొద్దు కొండల వెనక్కు దిగే వేళ. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ పాఠశాలలో పిల్లలు ఒకచోట చేరి పడమటి వైపు తిరిగి కూర్చుంటారు. మాట లేదు, పుస్తకం లేదు. అది ప్రార్థన కాదు, పాఠం అంతకన్నా కాదు. కాసేపు ఊరక కూర్చొని పొద్దు వాలడం చూస్తారు. దీనిని అక్కడ ‘అస్తాచల్’ అంటారు.

అదే పొద్దు మదనపల్లె చుట్టుపక్కల టమోటా పండించే పల్లెల మీద కూడ వాలుతుంది. ఉదయం మార్కెట్టులో సరుకు దించి, వేలంలో పలికిన ధరకు ఇచ్చి, కమీషనూ బండి బాడుగా పోను మిగిలినది జేబులో వేసుకొని ఇల్లు చేరిన రైతు, ఆ వేళకు అరుగు మీద కూర్చుంటాడు. ఆయన నోటా మాట వుండదు. కాని లోపల మాత్రం సంత సాగుతూనే వుంటుంది.

2023 జులైలో ఇదే మార్కెట్టులో కిలో టమోటా వంద రూపాయలు దాటి పలికింది. కోత కూలి కూడ రాక పంటను రోడ్డు పక్కన పారబోసిన సంవత్సరాలూ వున్నాయి. ధర రైతు చేతిలో లేదు. అప్పు ఒక్కరోజులో తీరేది కాదు. అయితే అటువంటి రాత్రి ఆయన ఆలోచన ఏ దారిన పోతుందన్నది చిన్న విషయం కాదు. ఇంట్లో తగవులకూ, తాగుడుకూ, ఒక్కొక్కసారి తిరిగిరాని నిర్ణయాలకూ ఆ రాత్రే మొదలు.

ఆలోచన సాధారణంగా ఇలా నడుస్తుంది. ‘ఈ కోతలో నష్టం వచ్చింది’ అని మొదలవుతుంది. ‘నాకు సేద్యం చేతకాదు’ అన్న దగ్గరకు వస్తుంది. ‘ఇక నా బతుకింతే’ అన్న దగ్గర నిలిచిపోతుంది. మొదటిది జరిగిన సంగతి. రెండవది తనపై తాను ఇచ్చుకొన్న తీర్పు. మూడవది భయం. మనసు మాత్రం మూడింటినీ ఒకే పద్దు కింద రాసేస్తుంది. పరీక్ష తప్పిన ఇంటర్మీడియట్ విద్యార్థి విషయంలోనూ జరిగేది ఇదే. మార్కుల జాబితాలో వున్నది ఒక సబ్జెక్టు. మనసులో తప్పినది జీవితం.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1960 దశకంలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు ఈ సంగతిపైనే దృష్టి పెట్టాడు. దిగులుతో వచ్చే రోగుల్లో పిలవకుండానే చటుక్కున మెదిలే ఆలోచనలు వుంటాయనీ, వాటిని వారు నిజాలుగానే తీసుకొంటారనీ ఆయన గమనించాడు. ఆ ఆలోచనను పట్టుకొని, ‘దీనికి ఆధారమేమిటి?’ అని రోగి చేతనే అడిగించడం ఆయన చికిత్సలో ముఖ్యభాగమైంది.

ఈ వూరి బిడ్డ

తన ఆలోచనను తానే చూసుకోవడమన్నది మదనపల్లెకు కొత్త మాట కాదు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో ఈ వూళ్ళోనే తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి. పదేళ్ళ వయసులో తల్లి పోయింది. 1909లో కుటుంబం మద్రాసులోని అడయారు చేరింది. దివ్యజ్ఞాన సమాజం పెద్దలు ఆ పిల్లవాడిని రానున్న జగద్గురువుగా భావించి పెంచారు. ఆయన పేరుతో 1911లో ఒక సంఘం కూడ వెలసింది.

ఆయనకు ప్రాణసమానుడైన తమ్ముడు నిత్యానంద క్షయతో బాధపడుతుండేవాడు. తమ్ముడికి ఏమీ కాదని కృష్ణమూర్తి గట్టిగా నమ్మారు. 1925 నవంబరులో ఓడలో భారతదేశం వస్తుండగా తమ్ముడి మరణవార్త అందింది. నమ్మకం కూలిపోయింది. ఆ దుఃఖాన్ని మరో నమ్మకంతో కప్పిపెట్టుకోకుండా, దానిని ఎదురుగా చూడడంతో ఆయనలో పెద్ద మార్పు మొదలైందని జీవితచరిత్ర రచయితలు చెబుతారు. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, వేలాది సభ్యులున్న ఆ సంఘాన్ని దాని అధిపతిగా వున్న తానే రద్దు చేశారు. 1986లో మరణించేవరకు దేశదేశాల్లో ప్రసంగించారు. కోపమైనా, అసూయ అయినా, భయమైనా, దానిని తిట్టుకోకుండా, సమర్థించుకోకుండా, వున్నది వున్నట్లు చూడమన్నది ఆయన మాటల్లోని ముఖ్యాంశం.

నెమరు వేరు, చూపు వేరు

‘రైతు అరుగు మీద కూర్చొని చేస్తున్నదీ ఆలోచనే కదా’ అని అనిపించవచ్చు. తేడా ఇక్కడే వున్నది. జరిగినదానినే పదేపదే తలచుకొని కుమిలిపోవడం నెమరు. ఆ తలపు వచ్చినప్పుడు ‘ఇదిగో, మళ్ళీ వచ్చింది’ అని గుర్తుపట్టడం చూపు.

నెమరుతో జరిగే నష్టం పరిశోధనల్లోనూ తేలింది. 1989 అక్టోబరులో కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం వచ్చింది. అంతకు రెండు వారాల ముందే, యాదృచ్ఛికంగా, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థుల మనస్థితిని సూజన్ నోలెన్ హోక్సెమా అనే మనస్తత్వ శాస్త్రవేత్త నమోదు చేసివుంచారు. భూకంపం తరువాత తిరిగి పరిశీలించగా, దిగులునే నెమరువేసే అలవాటు ముందునుంచీ వున్నవారిలో దిగులు ఎక్కువగా, ఏడు వారాల తరువాత కూడ నిలిచివుండటం కనిపించింది.

కాగితం మీద పెడితే

నెమరును చూపుగా మార్చే సులువైన సాధనాల్లో రాయడం ఒకటి. 1986లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 46 మంది విద్యార్థులను తీసుకొన్నారు. వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయమన్నారు. కొందరు తమను బాగా బాధించిన సంఘటనల గురించి, మిగిలినవారు మామూలు విషయాల గురించి రాశారు. బాధను, దానితోబాటు తమ మనసులోని భావాలను రాసినవారికి అప్పటికప్పుడు మనసు మరింత బరువెక్కింది. కాని తరువాతి నెలల్లో వారు ఆరోగ్యకేంద్రానికి వెళ్ళడం తగ్గింది. తరువాత జరిగిన అనేక పరిశీలనల్లో ఈ మేలు కొద్దిపాటిదేనని తేలింది. కొద్దిపాటిదైనా పైసా ఖర్చు లేనిది.

ఇలా రాసుకోవడం కృష్ణమూర్తి చెప్పిన పద్ధతి కాదు. ఆయన ఏ పద్ధతినీ ఒప్పుకోలేదు. అయితే తన మనసును తాను చూసుకోవాలన్న చోట ఇద్దరి దారులూ దగ్గరవుతాయి.

విత్తనాలకూ, మందులకూ లెక్క రాసే పుస్తకం చాలా ఇళ్ళలో వుంటుంది. అందులోనే చివరి పేజీలు ఇందుకు చాలు. ఒక పక్క జరిగినది రాయాలి. రెండవ పక్క, దాని గురించి మనసు ఏమంటున్నదో రాయాలి. ‘పోయినది నలభై పెట్టెల మీద లాభం. నేను అనుకొంటున్నది సర్వం పోయిందని.’ రెండూ పక్కపక్కన పడినప్పుడు మధ్యనున్న తేడా కంటికి కనిపిస్తుంది. ‘ఇదే కష్టం తోడల్లుడికి వస్తే ఏం చెప్పేవాడిని?’ అన్న మూడవ ప్రశ్న కూడ వేసుకోవచ్చు. ఇతరులకు చెప్పే మాటలో మనిషి సాధారణంగా అంత కఠినంగా వుండడు. కొత్త ఆలోచనకు చోటు దొరికేది అక్కడే. అది మళ్ళీ అదే పంట పెట్టకపోవడం కావచ్చు, అప్పు సంగతి ఇంట్లో దాచకుండా చెప్పడం కావచ్చు.

చదువు రాని అవ్వకు పుస్తకం అక్కరలేదు. నమ్మకమైన మనిషి ఒకరు పక్కన కూర్చొని, సలహాలు చెప్పకుండా, చివరిదాకా వింటే చాలు. చెబుతున్నప్పుడు తన మాట తన చెవిన పడుతుంది.

వైద్యం అవసరమయ్యే చోటు

అన్నిటికీ ఇదే మందు అనుకోరాదు. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడం వుంటే వైద్యుని చూడాలి. చనిపోవాలన్న తలపు ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకూడదు. 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, పెద్దవారిలో నూటికి సుమారు పదిమందికి ఏదో ఒక మానసిక సమస్య వున్నట్లు తేలింది. వారిలో ఎక్కువమందికి చికిత్స అందడం లేదు. జ్వరానికి ఆసుపత్రికి పోయినట్లే దీనికీ పోవడంలో సిగ్గుపడవలసినది లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ‘టెలి మానస్’ సేవకు 14416 నంబరుపై రాత్రీపగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

అరుగు మీద కాసేపు కూర్చొన్నంతమాత్రాన మర్నాటి ధర పెరగదు. అప్పు తగ్గదు. కాని చీకట్లో తీసుకోబోయిన నిర్ణయం తెల్లవారేదాకా ఆగవచ్చు. ‘నా బతుకింతే’ అన్న మాట నిజం కాదనీ, అలసిన మనసు అన్న మాటేననీ తెలియవచ్చు. రిషివ్యాలీ పిల్లలకు అందుకొక వేళ ఏర్పాటై వున్నది. పొద్దు అందరి ఇళ్ళ మీదా వాలుతుంది గనుక, ఆ వేళను ఎవరికి వారు కేటాయించుకోవచ్చు.