ఏటియొడ్డున చౌకభూములు కొనదలచు రైతులకు

గోదావరి, మున్నేరు మొదలగు నదుల యొడ్డున పల్లపుభూములు మెట్టభూములకంటె తక్కువ ధరకు అమ్మకమునకు వచ్చుచుండును. కొనదలచిన రైతులు ముందుగా గమనింపవలసిన దేమనగా, వరద వచ్చు భూములన్నియు ఒక్క తీరువి కావు. ఒకచోట వరద ఒండ్రు నిచ్చి పోవును. మఱియొకచోట ఇసుక వేసి పోవును. వేఱొకచోట భూమినే తీసికొనిపోవును. అమ్మువారు మాత్రము మూటిని మంచి ఒండ్రుభూములనియే చెప్పుదురు.

నీరు నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా తీయుచోట సన్నని మన్ను అడుగున దిగి భూమికి బలము నిచ్చును. వడిగా పాఱుచోట ఆ మన్ను కొట్టుకొనిపోయి, బరువైన ఇసుక మాత్రము నిలుచును. 2024 సెప్టెంబరులో మున్నేరు, ఆకేరు పొంగినప్పుడు అనేక పొలములలో ఇసుక మేటలు పడినవి. మేట తీయించుటకగు కూలిని కొన్న ధరకు చేర్చి చూచినయెడల అది చౌకయో కాదో తెలియగలదు. నది వంపు తిరుగుచోట వెలుపలి యొడ్డు ఏటేట కోతపడును. అట్టి భూమిని ఎంత తక్కువకు వచ్చినను కొనరాదు.

భూమిని వేసవిలో చూచి బయానా ఇయ్యరాదు. వరదలు తీసిన పిమ్మట ఆశ్వయుజమాసమున పోయి చూడవలెను. చెట్ల మ్రాకులపై బురద చాఱ ఎంత యెత్తున నున్నది, కొమ్మల సందున చెత్త ఎచ్చట చిక్కియున్నది, ఊరివారు పూర్వము ఇండ్లు ఎంత దూరమున కట్టుకొనిరి అను వానిని చూడవలెను. తుంగ దట్టముగా నున్నచోట సాధారణముగా నీరు నిలుచును. రెల్లు పెరిగినచోట ఇసుక త్రవ్వి చూడవలెను. అమ్మువానికంటె అచ్చట పశువులను మేపువాని మాట నమ్మదగినది.

భద్రాచలమువద్ద గోదావరి 43, 48, 53 అడుగులకు చేరినప్పుడు వరుసగా మూడు హెచ్చరికలు ఇత్తురు. 1986లో నీరు 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును వచ్చెను. ఆ ప్రాంతమున కొనువారు ఏ హెచ్చరికకు ఆ చేనిలోనికి నీరు వచ్చునో అడుగవలెను. నది దూరమని ధైర్యపడరాదు. గోదావరి నిండుగా నున్నప్పుడు కిన్నెరసానివంటి ఉపనదుల నీరు అందు కలియలేక వెనుకకు తన్ని, ప్రక్కల పొలములను ముంచును.

కాగితముల సంగతి. ఏజెన్సీ గ్రామములలో భూమి గిరిజనేతరులకు బదిలీ యగుట 1970 సంవత్సరపు ఒకటవ రెగ్యులేషను ననుసరించి చెల్లదు. గిరిజనేతరుడే అమ్మినను అంతే. చెఱువు శిఖము భూమిని ప్రైవేటు పట్టా యని నమ్మి కొనరాదు. పేదలకు సర్కారు ఇచ్చిన అసైన్డు భూములను కొనుట 1977 సంవత్సరపు చట్టముచే నిషిద్ధము. “తూర్పున ఏరు” అని హద్దు వ్రాసిన దస్తావేజులు మేము తఱచుగా చూచుచుందుము. ఏరు కదలని హద్దు కాదు. కావున సర్వే కొలత వేయించి, నేల మీద ఎంత మిగిలియున్నదో అంతకే ధర కట్టవలెను.

ఇట్టి భూమికి యాసంగి పంటయే ప్రధానము. ధరయు ఒక్క పంటభూమికి తగినట్లుగానే ఉండవలెను. వరద తీసి పదునైన వెంటనే పెసర, మినుము, మొక్కజొన్న, నువ్వులు వేయవచ్చును. వానకాలమున వరి తప్పదనువారు స్వర్ణ సబ్-1 రకమును వేయుట మేలు. ఇది సుమారు రెండు వారములు మునిగియుండి తేరుకొనగలదు. అయినను ఇసుక కప్పినచో ఏ రకమును బ్రతుకదు. గట్టు వెంబడి వెదురును, వట్టివేళ్లను నాటినచో కోత కొంత తగ్గును. నీటి పాఱుదలకు అడ్డముగా కట్ట వేయరాదు. అది తెగినచోట గుంట పడుటయే గాక, ప్రక్క రైతు చేను కూడ మునుగును. పశువుల కొట్టమును మెట్టన వేసికొని, జూన్ నెల రాకమున్నే మోటారును, పైపులను విప్పి అచ్చటికి చేర్చవలెను.