ఒక్క సిమ్ మారింది, ప్రభుత్వ అకౌంట్ పోయింది!

ప్రభుత్వ ఆఫీసులు సోషల్ మీడియాలో ఉండాలా, వద్దా? ఉంటే సెక్యూరిటీ సంగతేంటి? ఇవాళ ఒక నిజమైన కేసుతో చూద్దాం.

అమెరికాలో ఎస్ఈసీ అని ఒక సంస్థ ఉంది. మన సెబీ లాంటిది, షేర్ మార్కెట్ మీద నిఘా పెడుతుంది. 2024 జనవరి 9న దాని ఎక్స్ అకౌంట్‌లో ఒక పోస్ట్ పడింది, బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు అనుమతి ఇచ్చేశామని. వెంటనే బిట్‌కాయిన్ ధర 1,000 డాలర్లకు పైగా పెరిగింది. కాసేపటికే అప్పటి ఛైర్మన్ గ్యారీ జెన్స్‌లర్ తన సొంత అకౌంట్‌లో, ఆ పోస్ట్ తాము పెట్టింది కాదని చెప్పారు. ధర 2,000 డాలర్లకు పైగా పడిపోయింది. అసలు అనుమతి మర్నాడు వచ్చింది కానీ, ఆ కాసేపట్లో నమ్మి కొన్నవాళ్ల సంగతి ఆలోచించండి.

ఇదంతా ఎలా జరిగింది? ఒకతను దొంగ ఐడీ కార్డుతో మొబైల్ స్టోర్‌కి వెళ్లి, ఆ అకౌంట్‌కి లింక్ అయిన నంబర్ మీద కొత్త సిమ్ తీసుకున్నాడు. దీన్నే సిమ్ స్వాప్ అంటారు. ఇక కోడ్‌లన్నీ అతని ఫోన్‌కే వస్తాయి. పాస్‌వర్డ్ రీసెట్ చేస్తే చాలు, అకౌంట్ చేతిలోకి వచ్చేసినట్టే.

మరి టూ-ఫ్యాక్టర్, అంటే రెండో తాళం ఏమైంది? లాగిన్ ఇబ్బందిగా ఉందని 2023 జులైలో సిబ్బందే అడిగి ఆఫ్ చేయించారు. ఈ దాడి జరిగేదాకా మళ్లీ ఆన్ చేయలేదు!

ఒక మంచి విషయం ఏంటంటే, ఎస్ఈసీ లోపలి సిస్టమ్స్‌లోకి ఎవరూ దూరినట్టు ఆధారాలు దొరకలేదు. అంటే జనంతో మాట్లాడే అకౌంట్ పోయినా, ఫైళ్లు ఉన్న చోటు భద్రంగానే ఉందన్నమాట.

అందుకని సోషల్ మీడియా మానేయాలా? అక్కర్లేదు. రేపు తుఫాను వస్తే కలెక్టర్ ఆఫీసు పోస్ట్ కోసమే కదా మనం చూసేది. అది ఫేక్ అయితే ప్రాణాల మీదకే వస్తుంది. కాబట్టి ఆఫీసులు చేయాల్సింది ఇది: ఫైళ్లు ఉన్న సిస్టమ్‌కి, సోషల్ మీడియాకి మధ్య గోడ ఉండాలి. కోడ్‌లు ఎస్ఎంఎస్‌లో కాకుండా ఆథెంటికేటర్ యాప్‌లోనో, సెక్యూరిటీ కీతోనో రావాలి. ఒక తాళం తాత్కాలికంగా తీసినా, మళ్లీ ఎప్పుడు, ఎవరు వేయాలో ముందే రాసి ఉండాలి.

మన అకౌంట్లకీ ఇదే రూల్. ఫోన్‌లో సిగ్నల్ హఠాత్తుగా పోయి, ఎంతకీ రాకపోతే వెంటనే ఆపరేటర్‌కి కాల్ చేయండి. పెద్ద ప్రకటన ఏదైనా కనిపిస్తే, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కూడా ఉందో లేదో చూశాకే ఫార్వర్డ్ చేయండి.