పాత మోటారు పడవ కొనే ముందు ఇంజను పరీక్ష

పరిచయం

కరీంనగర్ పక్కనే ఉన్న దిగువ మానేరు జలాశయంలోనూ, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని కడెం జలాశయంలోనూ బోటింగ్ ఉంది. ఇలాంటి చోట్ల నడపడానికి పాత పడవ కొనేవారు ముందుగా చూడవలసింది ఇంజనునే. రోడ్డు మీద ఇంజను ఆగిపోతే బండిని పక్కకు తోసుకోవచ్చు. జలాశయం మధ్యలో ఆగిపోతే పడవ గాలికి, ప్రవాహానికి కొట్టుకుపోతుంది. గేట్లు ఎత్తినప్పుడు ఆ ప్రవాహం ఆనకట్ట వైపే లాగుతుంది. పడవ వెనుక బిగించే పెట్రోలు ఇంజను (ఔట్‌బోర్డ్) పరీక్షను ఈ భాగంలో తెలుసుకుందాం.

1. ఇంజను ఎక్కడ పనిచేసింది?

సముద్రతీరం నుంచి తెచ్చిన ఇంజనులో ఉప్పునీటి వల్ల చల్లబరిచే నీటి దారులు తుప్పుపట్టి మూసుకుపోయి ఉండవచ్చు. మంచినీటి జలాశయంలో తిరిగిన ఇంజనుకు ఈ బెడద తక్కువ. అయితే నీరు తగ్గిన వేసవిలో నెలల తరబడి వాడకుండా ఉంచితే పెట్రోలు జిగురుగా మారి కార్బురేటర్‌కు అడ్డుపడుతుంది. నీటిని తోడే రబ్బరు ఇంపెల్లర్ గట్టిపడుతుంది. కొత్తగా వేసిన రంగు ఈ లోపాలేవీ చూపదు.

2. చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయడం

ముందుగా ఇంజనును చేత్తో తాకి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే నడిపారని అర్థం. అరిగిన ఇంజను వేడి మీద సులభంగా అందుకోవచ్చు కనుక, పూర్తిగా చల్లారాకే పరీక్షించండి. నీళ్లు లేకుండా మాత్రం నడపరాదు, ఇంపెల్లర్ త్వరగా పాడవుతుంది. స్టార్ట్ కాగానే వెనుక నుంచి సన్నని నీటిధార రావాలి. రాకపోతే వెంటనే ఆపాలి.

3. కంప్రెషన్ పరీక్ష

స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండర్‌కు గేజి బిగించి పీడనం కొలవాలి.

ఉదాహరణ: ఒక సిలిండర్‌లో చదరపు అంగుళానికి 120 పౌండ్లు, రెండో దానిలో 90 పౌండ్లు వచ్చాయనుకుందాం. తేడా 30, అంటే 25 శాతం. సాధారణంగా తేడా 10 శాతం మించకూడదు. కాబట్టి ఇక్కడ పిస్టన్ రింగులో, గాస్కెట్టో దెబ్బతిని ఉండవచ్చు. సిలిండర్లన్నీ సమానంగా తక్కువ చూపినా మంచిది కాదు. అందుకే తయారీదారు ఇచ్చిన అంకెతోనూ పోల్చాలి.

4. ఆయిల్, పొగ

గేర్ ఆయిల్ పాలలా తెల్లబడితే సీలు గుండా నీరు చేరిందని అర్థం. లోహపు తునకలు కనిపిస్తే గేర్లు అరుగుతున్నాయి. నల్లని పొగ ఇంధనం ఎక్కువవుతోందని చెబుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో నీలిపొగ ఆయిల్ మండుతోందనడానికి గుర్తు. రెండు స్ట్రోకుల ఇంజనులో ఆయిల్‌ను పెట్రోలులో కలుపుతారు కనుక కొద్దిపాటి నీలిపొగ సహజం.

5. బరువుతో నీటిపై పరీక్ష

ఖాళీ పడవతో చక్కగా నడిచే ఇంజను బరువు పడగానే తేలిపోవచ్చు. మీరు తీసుకెళ్లదలచినంత బరువుతో, పడవ అనుమతించిన పరిమితిలో, లైఫ్ జాకెట్లు ధరించి నడిపి చూడండి. పూర్తి వేగంలో తయారీదారు సూచించిన చక్రభ్రమణాల సంఖ్యను అందుకోవాలి. ముందుకు, వెనుకకు గేరు తడబాటు లేకుండా పడాలి. చివరగా, ఇంజను మీది నంబరును పత్రాలతో సరిపోల్చండి. యంత్రంతో నడిచే పడవల నమోదుకు, తనిఖీకి 2021 నాటి అంతర్గత నౌకల చట్టం వర్తిస్తుంది.

సారాంశం

ఏ ఒక్క పరీక్షా పూర్తి తీర్పు ఇవ్వదు. చల్లని స్టార్ట్, కంప్రెషన్, ఆయిల్, బరువుతో నడక - ఈ నాలుగూ కలిస్తేనే ఇంజను అసలు స్థితి తెలుస్తుంది. వీటిలో దేనికైనా అమ్మేవారు ఒప్పుకోకపోతే కొనుగోలు మానుకోవడమే మేలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. వెచ్చగా ఉన్న ఇంజనును పరీక్షిస్తే ఏ లోపం దాగిపోవచ్చు?
2. రెండు సిలిండర్లలో 110, 104 పౌండ్ల పీడనం వచ్చింది. తేడా ఎంత శాతం? అది అనుమతించదగినదేనా?