మంద్రస్వరము మాటున గీతకర్త

రేడియోలో పాట వచ్చునపుడు మన చెవి మొదట గాయకుని కంఠమును పట్టుకొనును. పిదప గిటారును, పియానోను. బేస్ గిటారును వేరుగా వినువారు అరుదు. నాలుగు లావు తీగెల ఆ వాద్యము మన తంబురావలె ఒక్క శ్రుతిపై నిలువదు. డ్రమ్ముల తాళముతో కలసి మంద్రస్థాయిలో నడచుచు పాటకు పునాది వేయును. ఇంగ్లండుకు చెందిన క్రిస్ వైట్ అట్టి బేస్ వాద్యకుడు. రాక్ సంగీతమున ఎన్నదగిన గీతకర్త కూడ. ఈ రెండవ సంగతి ఎరిగినవారు తక్కువ.

లండనుకు ఉత్తరముననున్న సెయింట్ ఆల్బన్స్ పట్టణపు ‘జాంబీస్’ బృందములో అయిదుగురు యువకులు. 1964లో వెలువడిన వారి మొదటి రికార్డు ‘షీజ్ నాట్ దేర్’ అమెరికాలో సైతము మారుమ్రోగెను. దానిని వ్రాసినది పియానో వాయించు రాడ్ ఆర్జెంట్. పాడినది కాలిన్ బ్లన్‌స్టోన్. ఆ రికార్డు రెండవ ప్రక్కనున్న పాట వైట్‌ది. రెండవ ప్రక్కను త్రిప్పి వినువారెందరు?

1967లో వీరు లండనులోని ఆబీ రోడ్ స్టూడియోలో ‘ఒడెస్సీ అండ్ ఒరాకిల్’ అను ఆల్బమును రికార్డు చేసిరి. చేతిలోని సొమ్ము స్వల్పము. మీట నొక్కినంతనే, టేపుపై ముందుగా పట్టియుంచిన తంత్రీవాద్యముల నాదమును వినిపించు మెల్లోట్రాన్ వారికి పెద్ద వాద్యబృందము లేని కొరత తీర్చెను. కంపెనీ స్టీరియో ప్రతి కోరగా, దాని ఖర్చును ఆర్జెంట్, వైట్ తమ జేబులనుండియే భరించిరి. పాటలు వ్రాసినవారగుటచే వారిరువురి రాబడి తక్కినవారికంటె మెరుగు.

ఆ ఆల్బములోని 12 పాటలలో 7 వైట్ వ్రాసినవే. ‘బీచ్‌వుడ్ పార్క్’ హెర్ట్‌ఫర్డ్‌షైరులోని ఒక చోటి స్మృతి. ‘బుచర్స్ టేల్’ మొదటి ప్రపంచయుద్ధమున సైనికుడైన ఒక కసాయివాని గోడు. దీనిని బ్లన్‌స్టోన్‌కు విడువక వైట్ తానే పాడెను. అతనిది తీర్చిన కంఠము కాదు, వణకును. ఆ వణకే పాటకు ప్రాణమని నా తలంపు. వెనుక ఆర్గను మూలుగు తప్ప పెద్ద ఆర్భాటము లేదు. వియత్నాం యుద్ధము సాగుచుండిన 1968లో అమెరికా కంపెనీ ఆల్బమునుండి మొదటి సింగిల్‌గా దీనినే విడుదల చేసెను! అది అమ్ముడుపోలేదు.

ఆల్బము 1968 ఏప్రిలులో వెలువడునాటికే బృందము విడిపోయియుండెను. 1969లో అందలి ‘టైమ్ ఆఫ్ ద సీజన్’ అమెరికాలో మూడవ స్థానమునకు ఎక్కెను. అదియు ఆర్జెంట్ పాటయే. తరువాత ఆర్జెంట్ నెలకొల్పిన బృందములో వైట్ వాయించలేదు. తెర వెనుకనే ఉండి, 1972 నాటి ‘హోల్డ్ యువర్ హెడ్ అప్’ పాటను అతనితో కలసి వ్రాసెను. 2008లో మిగిలిన నలుగురును లండనులో ఆల్బమునంతయు వేదికపై వినిపించిరి. 2019లో జాంబీస్‌కు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానము లభించెను.

వైట్ వ్రాసిన ‘దిస్ విల్ బీ అవర్ ఇయర్’ వినగోరువారు మోనో ముద్రణను వెదకుట మేలు. అందలి బాకాలను మోనో ప్రతి కూర్చుచున్నపుడే వాయించి చేర్చిరి. మూలపు టేపుపై అవి లేవు. అందుచే తొలి స్టీరియో రికార్డులో ఈ పాటకు మోనోనే రెండుగా చీల్చి సరిపెట్టిరి.