పాత జీపు గేరుబాక్సు అడుగున నూనె కారుట

పొలము పనులకు పాత జీపును వాడుకొను రైతులు ఇంకను పలుచోట్ల ఉన్నారు. ఎరువు బస్తాలైనను, మామిడికాయల గంపలైనను వర్షాకాలపు డొంకదారిలో ఇంటికి చేర్చగల బండి అది. 1940ల చివర బొంబాయిలో అమెరికా విల్లీస్ విడిభాగములతో కూర్చుట మొదలైన ఈ తరహా జీపు చాలకాలము పెద్ద మార్పులు లేకయే తయారైనది. అందుచేత ముప్పది, నలుబది ఏండ్ల బండిని కూడ నడుపుకొనుట సాధ్యమగుచున్నది. ఇట్టి బండి నిలిపిన చోట నేలపై నల్లని మరక కనిపించును. క్రిందికి వంగి చూచిన, గేరుబాక్సు అడుగున నూనె వదలుటకు ఉండు బిరడా, అనగా డ్రెయిన్ ప్లగ్గు, తడిగా ఉండును. వెంటనే పెద్ద పానా తెచ్చి, దాని పిడికి గొట్టము తొడిగి, బలము కొలది బిగింతురు. ఆ పని చేయరాదు.

గేరుబాక్సు పెట్టె పోత ఇనుముది. పోత ఇనుము అణచు బరువును బాగుగా మోయును గాని, లోపలి నుండి విచ్చదీయు బలమునకు నిలువదు. ఈ జీపులలో బిరడా సాధారణముగా పైపు మర గలది. మొన సన్నము, పోను పోను లావు. ఎండు కట్టెలో మేకు దిగగొట్టినట్లు, ఎంత బిగించిన అంతగా అది రంధ్రమును విచ్చదీయును. ఒకనాడు రంధ్రము అంచున వెంట్రుక వంటి పగులు పుట్టును. బిరడాతో పోవలసిన ఖర్చు అప్పుడు పెట్టె మార్చువరకు వచ్చును.

అట్లని కారుచున్న దానిని ఉపేక్షింపను వలదు. నిమిషమునకు ఒక చుక్క చొప్పున పడిన దినమునకు 1440 చుక్కలు. ఇరువదియైదు చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకొన్న, రోజుకు సుమారు 58 మిల్లీలీటర్లు. మూడు వారములు తిరుగకముందే లీటరు దాటును. ఈ గేరుబాక్సు పట్టు నూనె లీటరుకు అటూ ఇటూ మాత్రమే. నూనె తగ్గినదని చెప్పు ముల్లు ఏదియు డ్రైవరు ముందు ఉండదు. గేర్లు ఊళపెట్టునప్పటికి బేరింగులు చెడిపోయి యుండును.

మొదట తెలిసికొనవలసినది నూనె ఎక్కడ నుండి వచ్చుచున్నదను సంగతి. బిరడా అన్నిటికంటె పల్లమున ఉన్నది. మెరక చేని నీరు పల్లపు చేనికి చేరినట్లు, పైన ఎక్కడ కారినను చివరకు బిరడా దగ్గరనే చుక్క కట్టును. ఇంజను వెనుక సీలు, గేరుబాక్సు పైమూత గాస్కెట్టు, ట్రాన్స్‌ఫరు కేసులోని నడిమి ఇరుసు చివర, ముందు వెనుక షాఫ్టుల సీళ్లు, ఇవి అన్నియు అనుమానింపదగినవే. అడుగు భాగమును డీజిలుతోను బ్రష్షుతోను కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, మెత్తని ముగ్గుపిండి పలుచగా చల్లి, పది కిలోమీటర్లు నడిపి చూడవలెను. పిండి మొదట తడిసిన చోటే దోషము. ఇంతకంటె చౌక పరీక్ష నాకు తెలియదు. వెనుక షాఫ్టు సీలు కారుచున్నచో ఆలస్యము చేయరాదు. ఈ జీపులలో చేతిబ్రేకు డ్రమ్ము అక్కడనే, ట్రాన్స్‌ఫరు కేసు వెనుకనే, ఉండును. నూనె తాకిన బ్రేకు గట్టుమీద బండిని నిలుపజాలదు.

దోషము బిరడాదే అని తేలినచో, బండిని కొంత దూరము నడిపి, నూనె వేడిగా ఉండగా సమమైన నేలపై నిలుపవలెను. చక్రములకు ముందు వెనుక రాళ్లు పెట్టవలెను. జాకీపై లేపిన బండి క్రింద దూరరాదు. పైన చెప్పిన చేతిబ్రేకు వెనుక షాఫ్టు ద్వారా పనిచేయునది గనుక, ఒక వెనుక చక్రము గాలిలోనికి లేచిన బండి కదలిపోవును. జీపు ఎత్తైనదే, లేపకయే ఈ పని చేయవచ్చును.

క్రింది బిరడా విప్పుటకు ముందు ప్రక్కనున్న నూనె పోయు బిరడాను విప్పి చూచుకొనవలెను. ఈ జాగ్రత్త తీసికొనువారు తక్కువ. ఉన్న నూనె నంతయు దింపిన తరువాత పై బిరడా తుప్పుపట్టి కదలకున్నచో బండి ఉన్నచోటనే కూర్చుండును. బిగిసిన బిరడాకు రాత్రి డీజిలు పట్టించి, ఉదయము సుత్తితో నాలుగు ప్రక్కల నెమ్మదిగా తట్టి, సరిపడు పానాతోనే త్రిప్పవలెను. పెట్రోలు గొట్టము దగ్గర దీపము, మంట పనికిరావు.

దిగిన నూనెను తెల్లని గిన్నెలో పట్టి చూడుడు. సన్నని బూడిద వంటి పొడి కొంత ఉన్న భయము లేదు. పంటి ముక్క కనిపించినచో గేరుబాక్సు విప్పించవలెను. నూనె పాలు కలిపిన టీ రంగున ఉన్న నీరు చేరినదని అర్థము. దమ్ము చేసిన మడులలోను, కాలువలలోను దిగిన బండ్లకు ఇది కలుగుచుండును. వేడి గేరుబాక్సు చల్లని నీటిలో దిగినప్పుడు లోపలి గాలి కుంచించుకొని, సీళ్ల సందులనుండి నీటిని పీల్చుకొనును.

ఇక బిరడా సంగతి. దాని మరలను, రంధ్రపు మరలను తీగ బ్రష్షుతో శుభ్రపరచి, చమురు లేకుండ తుడువవలెను. పైపు మర బిరడాకు వాషరు అక్కరలేదు. మరలే నూనెను ఆపును. పైపు మరలకు వాడు పేష్టును పలుచగా పూయవలెను. తెల్ల టేపు చుట్టువారు మొనవద్ద రెండు మరలు విడిచి చుట్టవలెను. లేనిచో తునకలు గేర్లలోనికి పోవును. చేతితో బిగిసినంత త్రిప్పి, పిమ్మట పానాతో ఒక చుట్టు, మించిన చుట్టున్నర చాలును. మీ బండికి ఎవరైనను తిన్నని మర బోల్టు పెట్టి యున్నచో, వాలు రంధ్రములో అది ఎన్నటికిని సరిగా కూర్చుండదు, మార్చవలసినదే. తిన్నని మర బిరడా తొలినుండియు ఉన్న బండ్లలో నూనెను ఆపునది రాగి వాషరు. క్రొత్తది దొరకనప్పుడు పాతదానిని ఎర్రగా కాల్చి నీటిలో ముంచిన మెత్తబడును. ఉక్కు ఇట్లు చేసిన గట్టిపడును. రాగికి అది విరుద్ధము.

మరలు అరిగిపోయినచో లేతు పనివాని చేత క్రొత్త మర తీయించి, తగిన లావు బిరడా పెట్టించవలెను. కొన్ని షెడ్లలో బిరడాను వెల్డింగు చేసి మూసివేయుదురు. ఆ పూటకు కారుట ఆగును గాని, పోత ఇనుము ఆ వేడికి ప్రక్కన పగులును. పైగా మరల నూనె మార్చు దారియే ఉండదు. ఇది తెలిసి చేయు అపకారమని నా అభిప్రాయము.

నూనె 90 గ్రేడు గేరు ఆయిలు, జి.ఎల్.-4 రకము వాడవలెను. జి.ఎల్.-5 ఖరీదైనది గనుక మేలైనదని తలచి కొందరు అదే పోయుదురు. అందులో గంధకపు మందు ఎక్కువ. ఈ గేరుబాక్సులోని ఇత్తడి రింగులకు అది హాని చేయవచ్చును. పోయు రంధ్రము క్రింది అంచు వరకు నూనె రావలెను, అంతకు మించరాదు. గేరుబాక్సుకును ట్రాన్స్‌ఫరు కేసుకును మధ్య నూనె రాకపోకలు ఉండును. అందుచేత రెండింటి నూనెను ఒకేసారి మార్చి, పది కిలోమీటర్లు నడిపిన పిమ్మట రెండింటి మట్టమును మరల చూడవలెను. అప్పుడు బిరడా చెమర్చుచున్నచో ఇంకను బిగింపక, కొంచెము విప్పి, తుడిచి, పేష్టు తిరిగి పూసి పెట్టవలెను.

దింపిన నూనెను గట్టుమీద గాని, బావి చెంత గాని పారబోయరాదు. నూనె త్రాగిన నేల నీటిని పీల్చదు, అక్కడ విత్తు మొలవదు. డబ్బాలో మూతపెట్టి ఉంచి, పాత నూనె కొనువారికి ఇచ్చివేయవలెను. మరమ్మతు ముగిసి, కారుట ఆగినదని తేలు వరకు బండిని కళ్లములో ధాన్యపు రాశి దగ్గర నిలుపకుడు.