మీకు తెలుసా? క్రీస్తు పక్క పాకలో పుట్టినవాడి కథ

బ్రిటన్ హాస్య బృందం మాంటీ పైథాన్ 1979లో తీసిన ‘లైఫ్ ఆఫ్ బ్రయన్’ పెద్ద దుమారమే రేపింది. ఇందులో కథానాయకుడు క్రీస్తు కాదు. అదే రాత్రి పక్క పశువుల పాకలో పుట్టిన బ్రయన్. వద్దు మొర్రో అంటున్నా జనం అతణ్ని రక్షకుణ్ని చేసేస్తారు.

• స్క్రిప్టు చూసి జడిసిన నిర్మాణ సంస్థ ఈఎంఐ చివరి నిమిషంలో తప్పుకుంది. బీటిల్స్ గిటారిస్టు, కృష్ణభక్తుడు జార్జ్ హారిసన్ తన ఇల్లు తాకట్టు పెట్టి మరీ డబ్బు సమకూర్చాడు.

• షూటింగ్ ట్యునీసియాలో జరిగింది. దర్శకుడు జెఫిరెల్లీ భక్తిభావంతో తీసిన ‘జీసస్ ఆఫ్ నజరెత్’ సెట్లలో కొన్నింటిని దీనికీ వాడుకున్నారు.

• నార్వే ఈ సినిమాను నిషేధించింది. పొరుగున ఉన్న స్వీడన్‌లో దాన్నే ప్రచారానికి వాడుకున్నారు: ‘నార్వేలో నిషేధించేంత నవ్వులు!’ ఐర్లండ్‌లో 1987 దాకా నిషేధం కొనసాగింది.

• బీబీసీ చర్చలో సినిమాను దుయ్యబట్టిన రచయిత మాల్కమ్ మగ్గరిడ్జ్, ప్రదర్శనకు ఆలస్యంగా వెళ్లి మొదటి పావుగంట చూడలేదు. క్రీస్తు వేరు, బ్రయన్ వేరు అని చూపేది ఆ భాగమే!

• సినిమాలో జూడిత్ పాత్ర వేసిన స్యూ జోన్స్-డేవిస్ 2008లో వేల్స్‌లోని అబరిస్ట్‌విత్ పట్టణ మేయరయ్యారు.

సినిమా వెక్కిరించింది గుడ్డి అనుచరగణాన్ని. కానీ శిలువ వేసే దృశ్యంలో పాట పెడితే, భక్తులకు అది తమ ఆరాధ్య దైవం బాధను ఎగతాళి చేసినట్టే తోచింది. వ్యంగ్యం ఎవరిమీదో తేల్చుకోవాలంటే ముందు సినిమా మొత్తం చూడాలి.